గుడ్డ చుట్టిన గాజులు

తిరువూరు బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చేతి గాజులకు గుడ్డ చుట్టి ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకుని అడిగాను.

"చప్పుడు కాకుండా తాతగారూ. మా ఆయన ఏదో పొడి పీలుస్తాడు. రాత్రుళ్ళు నిద్ర ఉండదు, గుండె దడ అంటాడు. గాజులు గలగలమంటే 'ఎవడొచ్చాడే' అని మీద పడతాడు. తట్టుకోలేక పుట్టింటికి వెళ్తున్నా."

మా చిన్నప్పుడు సారా తాగొచ్చినవాళ్ళు పెళ్ళాన్ని కొట్టి, పడి నిద్రపోయేవాళ్ళు. అప్పుడైనా ఆడవాళ్ళు ఊపిరి తీసుకునేవాళ్ళు. వీడు నిద్రే పోడట! ఆ పొడి అమ్మే వెధవలు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు.

"పుట్టింటికేగా వెళ్తున్నావు, ఇక విప్పేయమ్మా," అన్నాను.

విప్పబోయింది. ఇంతలో వినగడప బస్సు హారన్ కొట్టింది. ఉలిక్కిపడి ముడి మళ్ళీ బిగించుకుంది.

ఇప్పుడు వంటింట్లో మా కోడలి గాజులు వినపడకపోతే, దాహం లేకపోయినా మంచినీళ్ళు అడుగుతున్నాను.