ముందు దాని తరఫున మాట్లాడు

మా మరిది పోయాడన్న కబురు పక్కింటి ఫోనుకి వచ్చింది. మా ఫోను ఆ వారం పని చెయ్యడం లేదు. పక్కింటావిడ గోడ మీంచి నన్ను పిలిచి, రిసీవరు చేతికిచ్చి, తను పొయ్యి దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడింది. నేను అతనికి ఏమవుతానని ఆసుపత్రి నర్సు ఇంగ్లీషులో అడిగింది. వదినని అన్నాను, తెలుగులోనే. ఆమెకి అర్థం కాలేదు. అన్న భార్యనని ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. అప్పుడు చెప్పింది, పొద్దున టీ ఇచ్చే వేళకి ఊపిరి ఆగిపోయిందని.

మా సంఘం వాళ్ళే పాతిపెట్టారు, మా అత్తగారి పక్కన. ఆరాధనలో పాస్టరు గారు, ఈ సహోదరుడు చివరి రోజుల్లో సైతాను పాటల రికార్డులన్నీ మంటలో వేసి ప్రభువు పాదాల దగ్గరికి వచ్చాడని సాక్ష్యం చెప్పారు. అందరూ హల్లెలూయ అన్నారు. మా ఆయన తల వంచుకున్నారు. నేను సభలో లేచి మాట్లాడేదాన్ని కాను, ఎన్నడూ లేచింది లేదు. కానీ ఆ మాట నిజం కాదు. అతని గురించి ఒక్క నిజమైనా ఎక్కడో ఉండాలని ఈ కలం పట్టాను. మా ఇంట్లో నేను తప్ప తెలుగు చదివేవాళ్ళు లేరు. ఆదివారం మధ్యాహ్నాలు మా నాన్న కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిదికి మీసాలు రాలేదు. సముద్రం దాటి వచ్చిన మనవాళ్ళకని సర్కారు విడిగా పెట్టిన మెరీబ్యాంక్‌లో మా ఇంటి వెనక రేకుల గది అతనిది. కిటికీ తీస్తే రిఫైనరీ వాసన లోపలికొచ్చేది కాబట్టి ఎప్పుడూ మూసే ఉండేది. బడి మానేసి దుప్పట్ల ఫ్యాక్టరీలో చేరాడు, మగ్గాల హాల్లో. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద నూలు దుమ్ము ముసలాడి వెంట్రుకల్లా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు చూశాం. మొదటి అమ్మాయి వాళ్ళింట్లో, పాటలంటే ఇష్టమా అని ఆ పిల్లని అడిగి, ఎలాంటివో తను పాడి చూపించాడు. తర్వాత ఎవరూ పిలవలేదు.

ఆ పాటల్ని హెవీ మెటల్ అంటారు. పేరు తెలియకముందు నేను దాన్ని రేకుల మీద రాళ్ళు పడుతున్న చప్పుడు అనేదాన్ని. ఫ్యాక్టరీలో అంత మోత విని, ఇంటికొచ్చి మళ్ళీ ఇదేమిటని ఒకసారి అడిగాను.

"రోజంతా మగ్గాలు నా మీద అరుస్తాయి వదినా," అన్నాడు. "సాయంత్రమైనా నా తరఫున ఒకడు అరవాల కదా."

శనివారం మధ్యాహ్నం ఆ గదిలోకి ఇద్దరు స్నేహితులు వచ్చేవారు. ఒకాయన తమిళాయన, బస్సు డ్రైవరు, నన్ను అక్కా అనేవాడు. రెండో ఆయన ఫ్యాక్టరీలో మగ్గాల మెకానిక్, నల్లవాళ్ళని విడిగా ఉంచిన ఉమ్లాజీ టౌన్‌షిప్ నుంచి వచ్చే జులూ ఆయన, వయసులో పెద్దవాడైనా నన్ను మా అనేవాడు, అంటే అమ్మా అని. ముగ్గురూ నలభై దాటినవాళ్ళే. తలుపు వెనక వైపు సుద్దముక్కతో పది ఆల్బముల పేర్లు పై నుంచి కింద దాకా రాసుకుని, ఏది ఏ స్థానంలో ఉండాలో వాదించుకునేవారు. అంతే. ఏళ్ళ తరబడి అదే పని. టీ పట్టుకెళ్ళినప్పుడల్లా నా చెవిన పడేవి. బస్సు డ్రైవరుకి వేగం కావాలి. వారమంతా ముసలమ్మల్ని ఎక్కించుకుని మెల్లగా నడిపేవాడికి వేగం కాక ఏం కావాలని మా మరిది ఎగతాళి. మెకానిక్‌కి డ్రమ్ములు సరిగ్గా పడాలి, ఒక్క దెబ్బ అటూ ఇటూ అయినా మరలో పన్ను విరిగినట్టు మొహం పెట్టేవాడు. మా మరిదికి మెల్లగా, బరువుగా సాగేవి కావాలి. పాటగాడు మారాక చేసిన ఆల్బము అదే బృందానిదిగా లెక్కా, కాదా అని ఒక వానాకాలమంతా గడిచింది. ఇక్కడ అచ్చు వేసిన రికార్డులో సర్కారు ఒప్పుకోని పాట ఒకటి తీసేశారట. రేవులో ఓడ దిగిన నావికుడి దగ్గర డ్రైవరు పూర్తిది సంపాదించాడు. మనం ఇన్నేళ్ళు విన్నదానికి ర్యాంకు ఇవ్వాలా, వాళ్ళు నిజంగా చేసినదానికి ఇవ్వాలా అని గొడవ. పాట తీసేసినా నిలబడినందుకు మనదానికే ఎక్కువ ఇవ్వాలని మెకానిక్ అన్నాడట.

వాళ్ళకి ఒక నియమం ఉండేది. పెట్టింది మా మరిదే. ఎవరైనా ఒక ఆల్బముని కిందికి దించాలంటే, ముందు దాని తరఫున మాట్లాడాలి. మాటవరసకి కాదు. దాన్ని ప్రేమించేవాడు విని, అవును, నువ్వు సరిగ్గా విన్నావు, అని ఒప్పుకునేదాకా మాట్లాడాలి. ఆ తర్వాతే తిట్టే హక్కు. అందువల్ల ఆ తలుపు మీద పేర్లు చాలా అరుదుగా మారేవి. తరఫున మాట్లాడీ మాట్లాడీ సగంసార్లు దించాలన్న కోరికే వదులుకునేవారని అతనే నవ్వేవాడు.

నల్లవాళ్ళకి కూడా ఓటొచ్చిన మొదటి ఎన్నికలకి ముందు నెలలు అందరికీ గుర్తుండే ఉంటాయి. టౌన్‌షిప్పుల్లో ఒక పార్టీ వాళ్ళ ఇళ్ళు ఇంకో పార్టీ వాళ్ళు తగలబెట్టేవారు. మెకానిక్‌కి ఏ పార్టీ లేదు, తమ్ముడికి ఉంది. వాళ్ళ ఇల్లు కాలింది. తమ్ముడి జాడ తెలియలేదు. ఆ వారం అతను రాడనుకున్నాం. శనివారం వేళకి వచ్చాడు, ఎవరిదో పొట్టి చొక్కా వేసుకుని. గదిలోకెళ్ళి చంకలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అది ఒకప్పుడు రికార్డు. నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది, మధ్యలో కాగితం మాత్రం మిగిలింది. అది ఏ ఆల్బమో ముగ్గురికీ తెలుసు, తలుపు మీద ఏడో పేరు. నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను.

డ్రైవరు సుద్దముక్క తీసుకుని, దాన్ని మొదటి స్థానంలో రాద్దామన్నాడు. మా మరిది అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇల్లు కాలిందని పైకెక్కిస్తే అది దానం, బ్రదర్. ఆయన దానానికి రాలేదు. రెండో వైపు నీరసంగా ఉందని నువ్వే కదా అన్నావు. ఇప్పుడు బాగుపడిందా?"

మెకానిక్ బల్ల మీద ముడుచుకుపోయినదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రెండో వైపు ఎందుకు నీరసం కాదో చెప్పడం మొదలుపెట్టాడు. గంట సేపు వాదించుకున్నారు. అది ఏడులోనే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు అతని నడక వచ్చినప్పటిలా లేదు.

ఎన్నికల నాడు మా మరిది గోడ పట్టుకుని వరసలో నిలబడి ఓటు వేశాడు. అప్పటికే నాలుగడుగులకి ఒకసారి ఆగాల్సి వచ్చేది. ఏళ్ళ నాటి దూది ఊపిరితిత్తుల్లో గడ్డకట్టుకుపోయిందని డాక్టరు చెప్పారు. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని, అక్కడ ఎదుటివాళ్ళ తరఫున మాట్లాడమని ఎవర్నీ అడగలేదు, అదొక్కటే నాకు భయం అన్నాడు.

చలికాలం మొదట్లో పాస్టరు గారు ప్రార్థించడానికి వచ్చారు. మంచి మనిషి, మా అత్తగారి రోగం ఆయన ప్రార్థనతోనే తగ్గిందని మా ఇంట్లో నమ్మకం, మేం ప్రభువుని తెలుసుకున్నది అప్పుడే. గది గోడ పొడుగునా ఉన్న రికార్డుల్ని చూసి, ఈ రోగానికి వేరు ఇక్కడుంది, దీన్ని ఇంట్లోంచి తీసి కాల్చెయ్యాలి అన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత గుడి వెనక స్థలంలో పిల్లలంతా ఇలాంటివి తెచ్చి మంట వేస్తున్నారట. మా ఆయన సంఘంలో పెద్ద. తెస్తామని మాటిచ్చేశారు.

మా మరిది మంచం మీంచి మెల్లగా అడిగాడు. "పాస్టర్, ముందు ఒక్కదాని తరఫున మాట్లాడండి. ఒక వైపు వినండి చాలు. నేను ఒప్పుకునేలా ఒక్క మాట చెప్తే, నేనే మోసుకొస్తా."

చీకటికి చెవి ఇవ్వకూడదని పాస్టరు గారు నవ్వి, అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి వెళ్ళారు. మా ఆయన ఆయన్ని గేటు దాకా సాగనంపడానికి వెళ్ళారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. అతను నన్ను ఏమీ అడగలేదు. నా వైపు చూశాడంతే.

నాకు రికార్డులు కాలినా, కాలకపోయినా ఒకటే. ఆ మనిషి ప్రార్థన లేకుండా పోతాడేమోనన్నదే నా దిగులు. నేను అన్నం పెట్టి పెంచినవాడు నేను వెళ్ళే చోట ఉండడంటే ఆ మాట నాకు మింగుడు పడలేదు. అతన్ని అడిగే హక్కు కావాలంటే అతని నియమమే దారి. ఆ వారమంతా మధ్యాహ్నం గంజి పట్టుకెళ్ళి, అతను తలుపు మీద మొదటి పేరుగా ఉంచిన ఆల్బము పెట్టమనేదాన్ని. అట్ట మీద మూసిన ఇనుప గేటు బొమ్మ. మొదటి రోజు తలనొప్పి వచ్చింది. రెండో రోజు అట్ట లోపలి మాటలు వేలు పెట్టుకుని చదువుతూ విన్నాను. తర్వాత మాటలు చూడకుండా విన్నాను.

శనివారం స్నేహితులిద్దరూ వచ్చాక, నేను టీ ఇచ్చి వెనక్కి రాలేదు. డ్రైవరు లేచి కుర్చీ ఇచ్చాడు. నా గొంతు ఎప్పుడూ చిన్నదే, వాళ్ళు ముందుకి వంగి విన్నారు.

"ఇందులో మనిషి సైతానుని పొగడ్డం లేదు," అన్నాను. "భయపడుతున్నాడు. లోతులో పడి పిలుస్తున్నాడు. మా గుడిలో కూడా అలా పిలుస్తారు. కానీ మా పాటలో చివరికి జవాబు వచ్చి తీరాలి. రాకపోతే పాట ముగియదు. ఇతనికి జవాబు రాలేదు, రాలేదనే చెప్పి ఆపేశాడు. వచ్చిందని అబద్ధం పాడలేదు. దానికి చాలా ధైర్యం కావాలి. అందుకే ఇది మొదట ఉండాలి."

మా మరిది కళ్ళు మూసుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. "ఒప్పుకున్నా," అన్నాడు. "ఇరవై ఏళ్ళు విని నేనలా చెప్పలేకపోయా. ఇప్పుడు తిట్టు వదినా."

"తిట్టను. ఒక్కటే అంటాను. అతను ఆగిపోయిన చోట నువ్వు ఆగిపోకు. నాతో ఒక్కసారి ప్రార్థన చెయ్యి."

నియమం తనకీ వర్తిస్తుందన్నాడు. నా వైపు తిరిగి, ముందు నా ప్రార్థన తరఫున మాట్లాడాడు. అమ్మ పోయిన రోజు అన్నయ్య గోడకి తల కొట్టుకుంటుంటే వదిన పక్కన కూర్చుని పాడిందని, ఆ పాటలో జవాబు ఉండబట్టే ఆ సాయంత్రం పొయ్యి వెలిగిందని, మర్నాడు లేచి వండాల్సినవాళ్ళకి జవాబున్న పాట కావాలని, దాన్ని తక్కువ చేసినవాడికి ఇల్లు నడపడం తెలియదని అన్నాడు. మధ్యమధ్య దగ్గు. నేను ఒప్పుకున్నాను. ఇంకేం చెయ్యను?

అప్పుడు అన్నాడు. "కానీ వదినా, నాకు వినపడని జవాబు వినపడిందని చెప్పి చావలేను. నీకోసం కూడా."

ఆ గదిలో అంతకంటే మర్యాదగా నన్ను ఎవరూ కాదనలేదు.

రికార్డుల్ని మెకానిక్‌కి ఇచ్చాడు. డ్రైవరు తన అల్లుడి బక్కీ, సామాన్లు వేసే చిన్న బండి, తెచ్చాడు. పిండి సంచుల్లో సర్ది, పైన దుప్పట్లు కప్పి తీసుకెళ్ళారు. మా ఆయన వంటింటి కిటికీ దగ్గర నిలబడి మొత్తం చూశారు, అడ్డుపడలేదు. ఆదివారం పాస్టరు గారితో, అవి ఇంట్లోంచి పోయాయని చెప్పారు. ఎలా పోయాయని ఆయన అడగలేదు. తమ్ముణ్ణి సంఘం శ్మశానంలో అమ్మ పక్కన పెట్టాలన్నదే మా ఆయన కోరిక, అందుకోసం అంతవరకే చెప్పి ఊరుకున్నారు. ఆయన్ని నేను ఏమీ అనను. ఆ మంటలో పిల్లలు తెచ్చినవి కాలుతుంటే వాసన మా వీధి దాకా వచ్చింది. అప్పటికి ఆ వాసన ఉమ్లాజీ వైపు నుంచి ఎన్నిసార్లు వచ్చిందో.

ఇది చదవగలిగేవాళ్ళు మా వంశంలో ముందు ముందు ఎవరైనా పుడితే, వాళ్ళకి చెబుతున్నాను. ఈ కాగితాలు దాచండి, ఎవరికీ చూపకండి. పాస్టరు గారి సాక్ష్యం మీద మా ఆయన తమ్ముడి సమాధి నిలబడి ఉంది, దాన్ని నేను కదపదల్చుకోలేదు. ఒక్కచోట మాత్రం నిజం రాసి ఉంటే చాలు.

అతను పోయే ముందు రోజు ఆసుపత్రికి వెళ్ళాను. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాట లేదు. కూర్చున్నాను. కాసేపయ్యాక నేనే చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాను. నా కోసం చేసుకుంటున్నానని చెప్పాను. అతను చెయ్యి లాక్కోలేదు. అడగాల్సినవన్నీ అడిగాను. చివరికొచ్చేసరికి ఆమెన్ నోటిదాకా వచ్చింది. అది అంటే అతని తరఫున కూడా అన్నట్టవుతుంది. ఆగిపోయాను. ప్రభువుని తెలుసుకున్నాక ఆమెన్ లేని ప్రార్థన అదొక్కటే. అతను కళ్ళు తెరిచి నన్ను చూశాడు. మాస్కు లోపల ఆవిరి పట్టింది, కరిగింది, మళ్ళీ పట్టింది. ఇద్దరం ఆ ఊపిరినే వింటూ ఉండిపోయాం.