మీకంటే ముందు ఎవరు?

మా తాండూరుకు వచ్చిన పాదిరిది ఫ్రాన్సు దేశంలో దక్షిణాన ఏదో చిన్న ఊరు. ఏ ఇంటికి వెళ్ళినా గడప బయటే ఆగి, టోపీ తీసి, ఒకే మాట అడిగేవాడు: "మీకంటే ముందు గీ ఇంట్ల ఎవరుండేటోళ్లు?" జనం నవ్వుకుని తాతల పేర్లు చెప్పేవాళ్ళు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మా చంటిదానికి జ్వరమొస్తే, మందు పట్టుకుని మా ఇంటికీ వచ్చాడు. అదే మాట అడిగాడు. మేము బంట్వారం నుంచి ఆ ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు.

మా మామ తల వంచుకున్నాడు. "సాయిబులు. గడబిడల ఎటో పోయిన్రు. ఖాళీగుంటే మేమొచ్చినం."

పాదిరి మా పిల్ల ఉయ్యాల వేలాడుతున్న కొక్కెం వైపు చూశాడు. దూలానికి దాన్ని బిగించింది మేము కాదు.

"మా ఊర్ల గూడ గిట్లనే అయింది," అన్నాడు. "దేవుణ్ణి వేరే తీరుగ మొక్కెటోళ్లను ఎల్లగొట్టిన్రు. వాళ్ల ఇంట్ల మా తాతల తాతలు దిగిన్రు. ఎన్ని తరాలైనా, ఎవరన్న తలుపు కొడితే మా నాయనమ్మ చప్పున తియ్యకపోయేది. ముందు కిటికీలకెళ్లి చూసేది."

మందు నా చేతిలో పెట్టి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. జ్వరంతో మూలుగుతున్న పిల్ల ముందు చెప్పే ముచ్చటేనా అది!

దీపాలు పెట్టే వేళ ఎవరో తలుపు కొట్టారు. రోజూ పాలామె వచ్చే వేళే. నేను లేచాను. మా అత్త గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. ముందు కిటికీలకెళ్లి చూడు."