లైసెన్సున్న మాస్టారు

రేపల్లె బళ్లో నాతో పనిచేసిన లెక్కల మాస్టారికి లైసెన్సున్న వైర్‌లెస్ సెట్టు ఉండేది. మాట్లాడే ముందు ప్రతిసారీ చెవి ఒగ్గి, "ఈ దారిలో ఎవరైనా ఉన్నారాండి?" అని అడిగేవారు. ఎవరూ లేకపోతేనే నోరు విప్పేవారు.

పక్క రైస్‌మిల్లు యజమాని లైసెన్సు లేని వాకీటాకీలు వాడేవాడు. అవీ మాస్టారి సెట్టు తరంగం మీదే పలికేవి. ఓ తుఫానునాడు ఫోన్లు పోయాయి. పెనుమూడి దగ్గర ఏటి మధ్య లంకలో చిక్కుకున్నవాళ్లకు పడవలు పంపమని మాస్టారు సెట్టులో బాపట్ల అధికారులకు చెబుతుంటే, మిల్లువాళ్ల ధాన్యం మాటలు అడ్డొచ్చాయి. వానలో ఇద్దరం మిల్లుకు పరుగెత్తాం.

"ఒక్క గంట ఆపండి బాబూ," అన్నారు మాస్టారు.

"గాలికి కూడా పట్టా ఉందేంటండి?" అని యజమాని నవ్వాడు.

కబురు మర్నాడు అందింది. వెళ్లిన పడవలు మూడు శవాలతో తిరిగొచ్చాయి.

మాస్టారు ఫిర్యాదు చేశారు. విచారణకొచ్చినవాళ్లు మిల్లులో భోంచేసి, మాస్టారి సెట్టుకే సీలు వేశారు.

"ఇదేం న్యాయమండి?" అన్నాను.

"వాళ్ల రికార్డుల్లో ఉన్నది నా పేరొక్కటే కదమ్మా," అన్నారాయన.