చప్పుడు లేని పొట్ట

నా చిన్నప్పుడు కొనకనమిట్ల దగ్గర మా ఊళ్లో ఏ గొర్రె మేత మానేసినా మా జేజి, అంటే నాయన తల్లి, దాని డొక్కకు చెవి ఆనించేది. లోపల గుడగుడమంటే భయం లేదనేది. నాకూ నేర్పింది. గొర్రె బొచ్చు అంటుకున్న నా చెంప చూసి అమ్మ నవ్వేది.

ఆ ఎండాకాలం మా చంటి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాయన మందను తోలుకొని నల్లమల వైపు పోయి ఉన్నాడు. రెండో రోజుకు బిడ్డ వాడిపోయాడు. జేజి కట్టెలకు పోయినప్పుడు, ఆమె మోకాళ్ల నొప్పులకు పెట్టెలో దాచుకున్న నల్లమందును అమ్మ కాస్త గిల్లి, తన చనుబాలలో రంగరించి వాడి నాలుకకు రాసింది. నేను గడపలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి విరేచనాలు ఆగిపోయాయి.

"కట్టినాయి అత్తా! హాయిగా పండుకున్నాడు" అని అమ్మ ఎంత సంబరపడిందో!

జేజి కట్టెలు దించి తన పెట్టె చూసుకుంది. తమ్ముడి పొట్టకు చెవి ఆనించి, నన్నూ వినమంది. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది. లోపల ఏ చప్పుడూ లేదు. మార్కాపురం ఆసుపత్రికి బండి కట్టేలోపే వాడి ఊపిరి ఆగిపోయింది.

నాయన వచ్చి అడిగితే జేజి, "నేనే పెట్టినా రా, నల్లమందు. ముసలిదాన్ని, తెలియకపాయ" అంది. అమ్మ నోరు తెరవబోతే ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. నా వైపు ఒక్క చూపు చూసింది. నాయన ఆ తరువాత జేజి పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు.

నిరుడు మా ఆయనకు క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాసి, విరేచనం కావడానికి ఇంకో మందు కూడా ఇచ్చింది డాక్టరమ్మ. ఎందుకని అడిగాను.

"పేగును వదులు కమ్మని చెప్పేది నరాలే అవ్వా. ఈ మాత్రలు నల్లమందు నుంచి తీసినవే. అలాంటిది మన ఒంట్లోనే రవ్వంత తయారై వాటిని అదుపులో పెడతది. బయట నుంచి ఎక్కువ పడితే ఆ నరాలు మూగబోతాయి, పేగు బిగిసి నిలిచిపోతది" అంది.

"పసిబిడ్డకైతే?" అన్నాను. రాస్తున్న పెన్ను ఆపి, ఊపిరి కూడా నిలిచిపోతుందని చెప్పింది.

ఇప్పుడు రోజూ మా ఆయన పొట్టకు చెవి ఆనిస్తాను. "ఏంది మే, నేనేమన్నా గొర్రెనా?" అని విసుక్కుంటాడు. గుడగుడ వినిపించాకే లేస్తాను. అమ్మా పోయింది, నాయనా పోయాడు. జేజి చూసిన చూపుకు ఆనాడు మూసుకున్న నోరు ఇన్నేళ్లకు తెరుస్తున్నాను. మందు పెట్టింది జేజి కాదు నాయనా.