రోకళ్ళరేవు

పక్కింట్లో ఎవరో అల్లం దంచుతున్నారు. ఉప్పల్‌లోని ఈ మూడో అంతస్తు ఫ్లాటులో, మిక్సీల రొద మధ్య ఆ చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి కూర్చుంటాను. కళ్ళ ముందు గోదావరి, దాని మీద తెల్లగా మంచు. ఆ ఏటిని నేను ఒక్కసారైనా చూడలేదు. ముత్యాలక్క మాటల్లో చూశాను, అంతే.

నాచారం బట్టల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినప్పుడు నాకు కుట్టుపని నేర్పింది ఆమే. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్ళం. అక్కది గోదావరి ఒడ్డున, నిండా పాతిక గుడిసెలు లేని కొండరెడ్ల గూడెం. దాని పేరు రోకళ్ళరేవు. వినగానే పక్కున నవ్వాను.

"గదేం పేరక్కా? ఆడ రోకళ్ళు అమ్ముతరా?"

"అమ్మరే పిచ్చిదానా! చలికాలం ఏటి మీద మంచు దిగితే పడవలోళ్ళకు ఒడ్డు కనపడదు. అప్పుడు ఆడోళ్ళందరం గుమ్మాల్లో నిలబడి దంచుతాం. ఆ చప్పుడు పట్టుకుని వచ్చేస్తారు. మా నాన్నయితే మా అమ్మ దెబ్బేదో గుర్తుపట్టేవాడు."

ఆ రోజంతా మిషను తొక్కుతూ నేనూ ఆ మంచులోనే తిరిగాను. కుట్లు వంకరపోయాయి. అక్క తిట్టలేదు, నవ్వుతూ విప్పి ఇచ్చింది.

తెలంగాణ రావడానికి ముందటేడు, ఆనకట్ట నీళ్ళొస్తాయని గూడేన్ని ఖాళీ చేయించి, ఏటికి దూరంగా కాలనీ కట్టారు. ఏరు లేని చోట రేవేమిటి, వేరే పేరు పెడదామని గూడెం కుర్రవాళ్ళే అన్నారట. ఇల్లు పోయినందుకు కాదు, ఆ మాటకు ఏడ్చింది అక్క. "పేరు కూడా మునిగిపోతే ఇక మేమెవరమే?" అంది. నాకూ ఏడుపొచ్చింది. మర్నాడే, ఆ కాలనీకి వెళ్ళి రమ్మని అక్కను ఉప్పల్‌లో బస్సెక్కించాను.

తిరిగొచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అన్నీ ఒకే తీరు ఇళ్ళు. సందెవేళ బయటికెళ్ళిన మా నాన్న ఇల్లు పోల్చుకోలేక తిరుగుతున్నాడు. కరెంటు లేదు. అందరూ కేకలేస్తుంటే ఆయన ఇంకా బెదిరిపోయాడు. నేను అమ్మ రోకలి తీసి గుమ్మంలో దంచాను."

"వచ్చిండా?"

"తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. 'ఇవాళ మంచు బాగా దిగిందే' అన్నాడు."

ఆ తర్వాత పేరు మార్చే మాట ఎవరూ ఎత్తలేదట.

కొన్నాళ్ళకు అక్కా ఆ కాలనీకే వెళ్ళిపోయింది. ఇప్పుడు మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చే వేళకు నేనూ తలుపు తీసిపెట్టి అల్లం దంచుతాను. "మిక్సీ ఉంది గదా అమ్మా!" అని విసుక్కుంటుంది. ఉంది. కానీ అందరిళ్ళ మిక్సీలూ ఒకేలా మోగుతాయి.