స్పీడ్ బ్రేకర్ పట్టించిన రోగం

మెదక్ పట్టణంలో ఒక ప్రైవేటు దవాఖానలో నేను సీనియర్ సర్జన్‌గా చేరిన మొదటి ఎండాకాలం అది. ఒక సోమవారం ఉదయం టేక్మాల్ నుంచి బాలమణి అనే బట్టలు కుట్టే ఆమె కడుపునొప్పితో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నొప్పి ముందు రోజు బొడ్డు చుట్టూ మొదలై, తర్వాత కుడివైపుకు దిగిందట.

అది అపెండిసైటిస్ లక్షణమే. కానీ పొట్ట నొక్కితే ఆమె ముఖంలో మార్పు లేదు. స్కానింగులో గ్యాస్ అడ్డమొచ్చి అపెండిక్స్ కనబడలేదు. రక్తపరీక్షలో తెల్లకణాలు కొద్దిగా పెరిగాయి, అంతే.

"గ్యాసే సార్. గోలీలిస్తె ఇంటికి పోత. పెండ్లోళ్ల జాకెట్లు కుట్టేదుంది" అంది.

సాయంత్రం మళ్లీ చూపించుకొమ్మని చీటీ రాయబోయాను. ఇంతలో ఆమెను తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ సత్తార్ తలుపు దగ్గర నుంచి తల లోపలికి పెట్టాడు.

"జూట్ మాట సార్. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకొని నన్ను తిట్టింది. రోడ్డు సాఫ్ ఉన్నకాడ సప్పుడు చెయ్యలే."

"నీకు ఆటో నడుపుడు రాదు, గందుకే తిట్టిన" అంది బాలమణి.

నేను పెన్ను పక్కన పెట్టాను. లోపల వాపు ఉంటే ప్రతి కుదుపూ పొడిచినట్టుంటుంది. అపెండిక్స్ పెద్దపేగు వెనక దాగి ఉంటే, ముందు నుంచి నొక్కినప్పుడు నొప్పి అంతగా తెలియదు. వెనక దాగిన వాపు బయటపడేలా ఆమెను ఎడమవైపు పడుకోబెట్టి కుడికాలు వెనక్కి లాగాను. ఆ క్షణంలో సత్తార్‌కు పడిన తిట్లు నాకూ పడ్డాయి. ఆమె నాలుక కరుచుకుంది.

"కోసుడేనా సార్?" అని చిన్నగా అడిగింది. భయంతోనే ఇంతసేపూ నొప్పి బిగబట్టిందని అప్పుడు అర్థమైంది. ఆగితే లోపలే పగిలి చీము పొట్టంతా పాకుతుందని చెప్పాను. ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకుని సంతకం పెట్టింది.

గంటలో ఆపరేషన్ మొదలుపెట్టాం. అపెండిక్స్ పేగు వెనకే ఉంది. కొన నల్లబడింది, ఇంకా పగలలేదు. సాయంత్రం దాకా ఆగేది కాదు.

నాలుగో రోజు డిశ్చార్జి చేస్తూ, కొన్నాళ్లు మిషన్ తొక్కవద్దన్నాను. "చేత్తోని గుండీలు కుట్టచ్చు గద సార్" అని బేరమాడింది. సరేనన్నాను.

అప్పటిదాకా రోగితో వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టేవాణ్ణి. ఆ తర్వాత లోపలికి పిలిచి, దారిలో ఏం జరిగిందో వాళ్లనూ అడగడం మొదలుపెట్టాను.