మేరగింజలకు మోటారు చాకిరి

ఉదయగిరికి నాలుగు మైళ్ళ అవతల ఉన్న ఆ పల్లెకు వడ్రంగి కొండలయ్య ఒక్కడే. నలభై ఇళ్ళ సేద్యం ఆయన చేతిమీదుగా నడిచేది. నాగలి విరిగినా, కాడి పగిలినా, విత్తనం వేసే గొర్రుకు పన్ను ఊడినా ఆయన గుమ్మం తొక్కవలసిందే. దానికి ఎవరూ రొక్కం ఇచ్చేవారు కాదు. కళ్ళంలో రాశి కొలిచేనాడు ఇంటికి రెండు కుంచాల గింజలు ఆయన గోనెలో పోసేవారు. దాన్నే మేర అనేవారు. కొత్త బండి చేస్తే కూలి వేరే. ఆ తర్వాత దానికి వచ్చే మరమ్మతులన్నీ మేరలోనే. తాతల నాటి కట్టుబాటు. కొండలయ్య ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది ఆ గింజలతోనే.

పందొమ్మిది వందల యాభై ఒకటిలో ఆ ఊరి మోతుబరి కొడుకు పెంచలరెడ్డి మద్రాసు నుంచి తిరిగి వచ్చాడు. నాలుగేళ్ళు అక్కడ చదివి, పరీక్ష గట్టెక్కడం తప్ప అన్నీ నేర్చుకున్నాడు. వస్తూ వస్తూ లారీమీద ఒక పాత పందెం కారు తెచ్చాడు. కారంటే కారు కాదు. ఇంజనూ, నాలుగు చక్రాలూ, వాటిని పట్టి ఉంచే ఇనప చట్రమూ. దానిమీద ఉండవలసిన ఒళ్ళు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. మద్రాసులో కొత్త ఒళ్ళు కట్టడానికి అడిగిన ధర విని రెడ్డికి కళ్ళు తిరిగి, కొండలయ్యను పిలిపించాడు.

"స్పోర్ట్సు కారు ఆచారీ! ఇద్దరే కూచునేది. పైన కప్పు ఉండకూడదు. దసరాకి నేను కావలి దాకా తోలాల. చేస్తావా?"

చేయననడం కొండలయ్యకు పుట్టుకతోనే రాదు. అయితే ఆ ఒళ్ళు కొయ్యతోనే నిలబెట్టాలి. దానికి మద్దికొయ్య కొట్టి ఏడాదైనా ఆరబెట్టాలి. దసరా నాలుగు నెలల్లో ఉంది. పచ్చికొయ్యతో పని చేస్తే ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. తెలిసే ఒప్పుకున్నాడు. కాగితం మీద గీత లేదు, కొలత లేదు. అంతా ఆయన జానలతోనూ బెత్తలతోనూ సాగింది. పైన రేకు కొట్టడానికి ఆత్మకూరు నుంచి ఒకాయన వచ్చాడు. దసరాకి ఎర్రరంగు పూసుకుని కారు బయటికి వచ్చేసరికి ఊరంతా మూగింది. కప్పుకు డబ్బు చాల్లేదేమో పాపం అని ముసలివాళ్ళు జాలిపడ్డారు.

రెడ్డి కొబ్బరికాయ కొట్టి, కొండలయ్యకు పంచెల చాపూ యాభై రూపాయలూ ఇచ్చి, నవ్వుతూ అడిగాడు.

"రేపు దీనికి రిపేరొస్తే ఎవరిని పిలవాల ఆచారీ?"

అంతమంది చూస్తున్నారు. కొండలయ్య ఛాతీ ఉప్పొంగింది. "ఇంకొకర్ని పిలవడం ఏంది సామీ! బండి ఏదైనా బండే గదా. మేర తీసుకుంటానే ఉండాను. అందులోనే చూసుకుంటా" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు నాలుక ఎందుకు పడిపోలేదా అని ఆ తర్వాత ఆయన భార్య మాలకొండమ్మ ఎన్నిసార్లు అనుకుందో.

మొదటి ఎండాకాలానికే కొయ్య ఎండి కుంచించుకుపోయింది. తలుపులకూ వాటి నిలువుకొయ్యలకూ నడుమ వేలు దూరేంత సందు పడింది. కంకరరోడ్డు మీద అదురుకు రేకుల మేకులు ఒకటొకటే ఊడి రాలాయి. వానాకాలం వస్తే అదే కొయ్య నీళ్ళు తాగి ఉబ్బేది. అప్పుడు తలుపు తెరుచుకునేది కాదు. రెడ్డి కాలు పైకెత్తి తలుపు దాటి లోపలికి దూకేవాడు. ఇంజను దగ్గరి అడ్డకొయ్య వేడికి పగిలేది. కుడి తలుపు కొలత ఎడమ తలుపుకు సరిపోయేది కాదు. ఒకసారి నెల్లూరు పంపిస్తే అక్కడి షెడ్డువాళ్ళు చుట్టూ తిరిగి చూసి, "దీని కొలతలు చేసినోడికే ఎరుక" అని వెనక్కి పంపేశారు.

ఇంజను చెడితే నెల్లూరు నుంచి మెకానిక్కు వచ్చేవాడు. ఆయనకు బస్సు చార్జీ, రోజుకు పది రూపాయలు, కోడికూర. టైరుకు మద్రాసు మనిషి, పెట్రోలుకు కావలి మనిషి. అన్నిటికీ రొక్కమే. కొండలయ్యకు మాత్రం ఏడాదికి అవే రెండు కుంచాల సజ్జలు. మేకులూ మరలూ కూడా ఆయన సొంతానివే. మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత ఆయనను చూసే పుట్టిందేమో.

"ఒక్కసారి నోరు తెరిచి అడగరాదా? రెడ్డేమన్నా మింగుతాడా?" అనేది మాలకొండమ్మ.

"నలుగుర్లో చెప్పిన మాట. ఎట్టా అడిగేది?"

"నలుగురూ నీకు కూడు పెడతారా?"

నిజానికి పెట్టేది ఆ నలుగురే. అదే ఆయనను లోపల కుళ్ళబొడిచే భయం. వారంలో మూడు రోజులు కారు కింద పడుకుంటే రైతుల పనిముట్లు పంచలో పోగుపడేవి. వాళ్ళు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళేవారు. తిట్టినా బాగుండేదని కొండలయ్యకు ఉండేది.

యాభై ఐదులో ఆరుద్ర కార్తెకు గట్టి వాన పడింది. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు. ఆ మెట్ట నేలలో విత్తడానికి పనికొచ్చే తడి పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. రమణయ్య అనే రైతు తెల్లవారగానే పన్ను విరిగిన గొర్రు భుజాన పెట్టుకుని వచ్చాడు. కొండలయ్య బాడిస అందుకున్నాడో లేదో, రెడ్డి జీతగాడు పరుగెత్తుకొచ్చాడు. కారు కలిగిరి దారిలో ఆగిపోయిందట. తలుపు మడతబందులతో సహా ఊడి కాలవలో పడిందట. పెళ్ళిచూపులకు పోతున్న రెడ్డి రోడ్డు మీద నిలబడి ఉన్నాడట.

"నా పని పూట పని కొండలయ్యా. ఇది చేసి పో" అన్నాడు రమణయ్య.

"సాయంత్రానికి వచ్చేస్తా రమణయ్యా. మాటిచ్చిన పని."

"మాకు మాత్రం ఇయ్యలేదా మాట?"

కొండలయ్య పనిముట్ల సంచీ తీసుకుని వెళ్ళాడు. తలుపు ఒక్కటే కాదు, దాన్ని పట్టుకున్న నిలువుకొయ్య కూడా పుచ్చిపోయి ఉంది. కొత్తది చెక్కి నిలబెట్టేసరికి మూడు రోజులు పట్టింది. ఆయన ఇల్లు చేరేటప్పటికి నేల పెళ్ళ కట్టింది. రమణయ్య ఆరెకరాలూ బీడుపడ్డాయి. ఆ కార్తెలో మళ్ళీ చినుకు లేదు.

సజ్జ కళ్ళాలప్పుడు కొండలయ్య గోనె పట్టుకుని బయలుదేరాడు. మొదటి కళ్ళంలోనే రాశి చుట్టూ పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలో రమణయ్య ఉన్నాడు.

"నీ మీద మాకు కోపం లేదు. నువ్వు రెడ్డిగారి మోటారు వడ్రంగివయినావు. మాకు సేద్యం వడ్రంగి కావాల. వింజమూరు నుంచి ఒకాయన్ని పిలిపించుకున్నాం. మేర ఆయనకే" అన్నాడు రమణయ్య. కుంచం పట్టుకున్న మనిషి తల పక్కకు తిప్పుకున్నాడు.

ఖాళీ గోనెతో కొండలయ్య తిన్నగా రెడ్డి ఇంటికి పోయాడు. వాకిట్లో కంపెనీలో చేసిన కొత్త కారు నిగనిగలాడుతోంది. ఎర్రకారును పాత ఇనుము కింద అమ్మేశాడట.

"మీరొక మాట చెప్పండి సామీ. మీ పని మీద పోయే గదా నాకిట్టయింది" అన్నాడు కొండలయ్య.

పెంచలరెడ్డికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "నేనేమన్నా బలవంతం చేసినానా ఆచారీ? మేరలో చేస్తానని నువ్వే గదా అన్నావు! కష్టంగా ఉండాదని ఒక్కనాడన్నా చెప్పినావా?"

చెప్పలేదు. ఆ సంగతి కొండలయ్యకూ తెలుసు. రెడ్డి తన వంతు రెండు కుంచాలూ నిండుగా కొలిపించాడు. అంతటితో ఆయన బాధ్యత తీరింది.

ఊళ్ళో పని లేని వడ్రంగి ఊళ్ళో ఎన్నాళ్ళుంటాడు? నెల తిరక్కుండానే కొండలయ్య పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆత్మకూరు చేరాడు. అక్కడ సుబ్బన్న అనే ఆయన బస్సులకు బాడీలు బాగుచేసే షెడ్డు నడిపేవాడు. మొదటి రోజు ఒక బస్సు తలుపు అప్పగించాడు. వానకు ఉబ్బి పట్టేసిన తలుపు. కొండలయ్య దాన్ని విప్పి, అంచు చిత్రిక పట్టి, మడతబందులు మార్చి బిగించాడు. పొద్దు వాలకముందే తలుపు వేలితో తోస్తే కదిలింది.

సుబ్బన్న వచ్చి రెండుసార్లు వేసి తీసి చూసి, జేబులోంచి మూడు రూపాయలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. కొండలయ్య వాటిని చూస్తూ నిలబడిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. సుబ్బన్న కంగారుపడ్డాడు.

"ఏంది పెద్దాయనా? తక్కువయినాయా?"

"లేదు నాయనా" అన్నాడు కొండలయ్య. "ఈ పని ఒకరికి నాలుగేళ్ళు చేసినా. పనికి ఈ మూడు రూపాయల చొప్పున అడిగుంటే, ఖర్చు లెక్క చూసుకుని ఆయన ఆ కారు ఏనాడో అమ్ముకునేవాడు. నేను మా ఊళ్ళో ఉండేవాణ్ణి."